సెల్ఫ్ కొట్టని బండి

ఇంటి దగ్గర
జూన్ 4

బావమరిదికి,

ఇక్కడ అంతా క్షేమం. ఫోను చేద్దామనుకున్నాను గానీ నీతో ఫోన్లో మాట్లాడడమంటే గోడకి కథ చెప్పడమే. షాపులో సుత్తి దెబ్బలకి నీ చెవులు ఎప్పుడో పోయాయి. అందుకే కాగితం.

బండి సెల్ఫ్ కొట్టడం లేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక నిన్నే మొదటిసారి తాళం తిప్పాను. డాష్‌బోర్డు దీపాలు వెలిగాయి, హారన్ మోగింది, హెడ్‌లైట్లు ఎదురింటి గోడకి సున్నం కొట్టినంత తెల్లగా పడ్డాయి. కాబట్టి బ్యాటరీ బాగానే ఉంది. సెల్ఫ్ మాత్రం కిక్కురుమనలేదు. ‘టక్’మన్న చప్పుడు కూడా లేదు. మే నెలలో నేను మంచం మీద ఉన్నప్పుడు నువ్వొచ్చి బండి తుడిచి, కవరు కప్పి వెళ్ళావని మీ అక్క చెప్పింది. అప్పుడు బాగానే ఉందా?

డాక్టరు రెండేళ్ళు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. ఆయనకేం, నోటికొచ్చింది రాసిచ్చేస్తాడు. కళ్ళు తిరిగితే దానికి మూర్ఛ అని పేరు పెట్టాడు. బండి గోడకి తగిలింది, వెనక కూచున్నాయన భుజం ఎముక విరిగింది, కాదనను. ముప్పై ఏళ్ళలో అది ఒక్కసారి. టాక్సీ స్టాండులో నాది ఏడో నంబరు. నంబరున్నవాడు వరసలో నిలబడి కిరాయి ఎక్కించుకుంటాడు, లేనివాడు వీధి చివర ఈగలు తోలుకుంటాడు. సెప్టెంబరు ముప్పైలోగా బండి తెచ్చి వరసలో పెట్టకపోతే నంబరు ఇంకొకడికి ఇచ్చేస్తామని స్టాండు ప్రెసిడెంటు ఇంటికి వచ్చి మరీ చెప్పాడు. చెప్పి, టీ తాగి, కప్పు బాగుందని మెచ్చుకుని వెళ్ళాడు.

ఇక్కడి మెకానిక్కులకి చూపించను. డ్రైవరూ పోయాడు, బండీ పోయిందని సాయంత్రానికి స్టాండంతా పాకుతుంది. నేనే విప్పుతాను. సెల్ఫ్ మోటారు ఇంటి దగ్గర ఎలా దింపాలో, ఎలా బాగుచెయ్యాలో వరసగా రాయి. ముప్పై ఏళ్ళు బండి నడిపాను గానీ బానెట్ కింద తొంగిచూసే అవసరం రాలేదు. నువ్వు బడి సగంలో ఎగ్గొట్టినా ఈ ఒక్క విద్య అబ్బింది కదా, పానా డాక్టరూ.

మీ అక్క బాగానే ఉంది. ‘పోనీలెండి, కొన్నాళ్ళు కూచోండి’ అంటోంది. కూచోవడానికి నేనేమన్నా పందిరి గుంజనా.

బావ

—

షాపు
జూన్ 12

బావగారికి నమస్కారం.

ఉత్తరం అందింది. మేలో బండి బాగానే ఉంది.

మొదట బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి పక్కకు కట్టండి. అది మరిచిపోతే పానా ఎర్రగా కాలి చేతికి అంటుకుంటుంది. జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు, కింద చెక్క దిమ్మలు పెట్టండి. మోటారు ఇంజను కిందివైపు, గేరుబాక్సును ఆనుకుని ఉంటుంది. దానికి లావు వైరు ఒకటి, సన్న వైరు ఒకటి వస్తాయి. రెండూ తీసేయండి. మోటారును పట్టి ఉంచేవి రెండు బోల్టులు. పైది కంటికి కనపడదు, వేళ్ళతో వెతకాలి. రెండోది వదిలే ముందు మోటారును అరచేత్తో ఆపుకోండి. నాలుగైదు కిలోల ఇనుము, మొహం మీద పడుతుంది.

కిందకి దించాక వెనక మూత తీస్తే నాలుగు బ్రష్షులు కనపడతాయి, నల్లటి బొగ్గు ముక్కలు. అవి అరంగుళం కన్నా తక్కువకు అరిగిపోయి ఉంటే మార్చాలి. చాలా బళ్ళకు జబ్బు అక్కడే.

తొందరపడి చేయకండి. నా రోజుపుస్తకంలో మీ బండికి ఒక పేజీ వదిలాను. ఏ రోజు ఏం విప్పారో రాస్తే ఎక్కిస్తాను. షాపుకు వచ్చిన ప్రతి బండికీ అలాగే రాస్తాను.

మళ్ళీ కళ్ళు తిరిగాయా? మాత్రలు మానకండి.

బావమరిది

—

ఇంటి దగ్గర
జులై 2

బావమరిదికి,

నీ పుస్తకంలో రాసుకో. ఆదివారం పొద్దున తొమ్మిదికి కింద దూరాను, మధ్యాహ్నం రెండున్నరకి మోటారుతో బయటపడ్డాను. పై బోల్టు ఒక్కదానికే మూడు గంటలు. దాన్ని అక్కడ పెట్టినవాడికి చేతులు బదులు తొండం ఉండి ఉంటుంది.

మీ అక్కని పక్కనే పడుకోబెట్టి టార్చి పట్టుకోమన్నాను. లైటు బోల్టు మీద వెయ్యమంటే నా మొహం మీద వేస్తుంది. బోల్టు నా ముక్కులో ఉందా అన్నాను. ‘మీ చెయ్యి వణుకుతోందండీ, అది చూస్తున్నా’ అంది. నోరు మూసుకుని పట్టుకోమన్నాను. ఆ తర్వాత సాయంత్రం దాకా నోరు విప్పలేదు. ఒక్కోసారి చెప్పిన మాట మరీ వింటుంది.

బ్రష్షులు కొత్తవాటిలా ఉన్నాయి. మోటారును వంటింటి గట్టు మీద పెట్టి బ్యాటరీ నుంచి రెండు వైర్లు తగిలించాను. కాళ్ళు కట్టిన కోడిపుంజులా ఎగిరి, గట్టు దిగి, మీ అక్క కాలి మీద పడింది. బొటనవేలి గోరు నల్లబడింది. మోటారు తిరిగిన సంతోషంలో ఆ వేలి సంగతి నేను కాస్త ఆలస్యంగా చూశాను. మళ్ళీ ఎక్కించి, బిగించి, తాళం తిప్పాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు.

బయట ఎగిరి గంతులేసేది లోపలికి వెళ్ళి ఎందుకు పడుకుంటుంది? కొత్త అల్లుడా? అర్థమయ్యేలా రాయి. నా దగ్గర క్లీనరుగా ఉన్న రోజుల్లో డీజిల్ ట్యాంకులో నీళ్ళు పోసిన మహానుభావుడివి. నీ మాట పట్టుకుని బండి కింద దూరాల్సి వచ్చింది, నా ఖర్మ.

మీ అక్క నీకు విడిగా ఏదో రాసింది. నేను చదవలేదు. పోస్టు డబ్బాలో నేనే వేశాను.

ఇంకా మూడు నెలలుంది.

బావ

—

షాపు
జులై 13

బావగారికి నమస్కారం.

బయట తిరిగేటప్పుడు మోటారు మీద బరువు ఉండదు. ఇంజనును తిప్పడం వేరు. మోటారు నెత్తిన చిన్న డబ్బా ఒకటి ఉంటుంది, సోలినాయిడ్ అంటారు. దాని లోపల రాగి బిళ్ళలు మాడి ఉండవచ్చు. మోటారు మళ్ళీ దించి, ఆ డబ్బా విప్పి, బిళ్ళలు సన్నరకం గరుకు కాగితంతో రుద్దండి. దానితో కాకపోతే ఇరుసు తిరిగే ఇత్తడి ఉంగరాలు, బుష్షులంటారు, అవి చూడాలి. అది ఇంట్లో అయ్యే పని కాదు. పార్శిల్లో నాకు పంపండి, నేను వేసి పంపుతాను.

మళ్ళీ మళ్ళీ దించమంటున్నానని విసుగు పడకండి. మీ దగ్గర ఉన్నప్పుడు ఒకసారి నాతో వెనక చక్రం పదకొండుసార్లు విప్పించి బిగింపించారు. నట్లు ఎదురెదురుగా బిగించకుండా వరసగా బిగించానని. బండిలో ప్రయాణికులున్నారు. దిగి నిలబడి లెక్కపెట్టారు. ఎనిమిదోసారి నుంచి పైకే లెక్కపెట్టారు. నాకప్పుడు పదహారేళ్ళు. పని ఇలాగే వస్తుందన్నారు మీరు. నిజమే, వచ్చింది.

అక్క ఉత్తరం అందింది. విడిగా జవాబు రాయడం లేదు. తొందరపడొద్దన్నానని మీరే చెప్పండి.

బావమరిది

—

ఇంటి దగ్గర
ఆగస్టు 20

బావమరిదికి,

నువ్వు తొందరపడొద్దన్నావని మీ అక్కకి చెప్పాను. దేనికని అడిగితే చేతిలో గిన్నె కింద పెట్టి పెరట్లోకి వెళ్ళింది. అక్కాతమ్ముళ్ళ రహస్యాలు మీ దగ్గరే ఉంచుకోండి. నాకు కావలసింది మోటారు.

రాగి బిళ్ళలు రుద్దాను. అద్దంలా అయ్యాయి, అవసరమైతే వాటిలో చూసుకుని గడ్డం గీసుకోవచ్చు. బండి పలకలేదు. దించి నీకు పంపాను. నువ్వు పద్దెనిమిది రోజులు ఉంచుకుని, బుష్షులు మార్చానని చీటీ రాసి పంపావు. నిన్న ఎక్కించాను. పలకలేదు. మొత్తం మూడుసార్లు దించి ఎక్కించాను. పై బోల్టు ఇప్పుడు ఎనిమిది నిమిషాల్లో వస్తుంది. బుర్ర లేనివాడు కూడా చేస్తూ పోతే నేర్చుకుంటాడని నిన్ను చూసి అనుకునేవాణ్ణి, ఇప్పుడు నన్ను చూసి అనుకుంటున్నాను.

పోయిన వారం వరండాలో జారి పడ్డాను. నాలుక కొరుక్కున్నాను. మీ అక్క దానికి వేరే పేరు పెడుతోంది. నేల తడిగా ఉందంటే లేదంటుంది. డాక్టరు దగ్గరికి పదమంటుంది. నంబరు దక్కాక నాలుగు డాక్టర్ల దగ్గరికి వస్తానన్నాను. ఈ నంబరు పోతే నేను ఈ ఇంట్లో ఏమిటి? పొద్దున లేచి ఎవరికి జవాబు చెప్పాలి? పేపరు వచ్చిందా, పాలు వచ్చాయా అని గేటు దగ్గర నిలబడే మనిషిని అవుతాను. అది నా వల్ల కాదు. నీకు రాస్తున్నాను గానీ ఈ మాట ఇంట్లో అనలేదు.

నా మనసులో ఉన్నది రాశాను కాబట్టి నీ మనసులో ఉన్నది రాయి. ఇంక ఏం మిగిలింది విప్పడానికి? వెంటనే రాయి.

బావ

—

షాపు
సెప్టెంబరు 19

బావగారికి నమస్కారం.

పని ఒత్తిడి వల్ల ఆలస్యమైంది.

మోటారు లోపల రాగితీగ చుట్టిన ఇరుసు ఉంటుంది. వానాకాలం దానికి చెమ్మ పడుతుంది. పైకి తెలియదు. మోటారు దించి, ఆ ఇరుసును బయటికి తీసి, తెల్లగుడ్డ మీద మూడు నిండు ఎండల్లో ఆరబెట్టండి. మబ్బు పట్టిన రోజు లెక్కలోకి రాదు. గంటకోసారి తిప్పుతూ ఉండండి. మూడు ఎండలూ పూర్తి కాకుండా బిగిస్తే తీగ కాలిపోతుంది, మోటారు పనికిరాదు.

నేను చెప్పగలిగింది ఇదే.

బావమరిది

—

ఇంటి దగ్గర
అక్టోబరు 3

బావమరిదికి,

నీ ఉత్తరం ఇరవై ఐదున అందింది. ఆ రోజే దించాను. ఇరవై ఆరు ఎండ. ఇరవై ఏడు మబ్బు. ఇరవై ఎనిమిది ఎండ. ఇరవై తొమ్మిది మబ్బు. ముప్పైన ఎండ బాగా కాసింది. గడువు రోజున నేను డాబా మీద తెల్లగుడ్డ పక్కన కూచుని, బిడ్డని ఆరబెట్టినట్టు ఆ ఇనుప ముక్కని గంటగంటకీ తిప్పుతున్నాను. సాయంత్రం ఆరింటికి ఏడో నంబరు ఇంకొకడికి ఇచ్చారు. పాత ఆరో నంబరువాడి తోడల్లుడట. ప్రెసిడెంటు ఈసారి టీ తాగలేదు.

ఒకటో తారీకున మోటారు ఎక్కించాను. అలవాటు కొద్దీ ఎక్కించాను. తాళం తిప్పితే అదే మౌనం. తొందర లేదు కదా, మొదటిసారి కూచుని ఆలోచించాను. మోటారు బయట తిరుగుతోంది. లోపల చప్పుడే చెయ్యడం లేదు. బలం చాలక కాదు, తిరగమన్న మాటే దానికి అందడం లేదు. గేరు న్యూట్రల్లో పెట్టి, కింద దూరి, లావు వైరుకీ సన్న వైరు కొక్కేనికీ స్క్రూడ్రైవరు అడ్డం పెట్టాను. ఇంజను గిర్రున తిరిగింది. మోటారుకి ఏ రోగమూ లేదు. జూన్‌లోనూ లేదు.

ఆ సన్న వైరు పట్టుకుని పాకుతూ పోయాను. డాష్‌బోర్డు కింద, ఎడమ మూల, అగ్గిపెట్టెలో సగముండే రిలే దగ్గర ఆగింది. తాళం తిప్పగానే సెల్ఫుకి కరెంటు పంపేది అదే. మూత ఊడదీశాను. లోపల తీగ తెగి ఉంది. కాలి తెగితే నల్లగా ఉంటుంది. ఇది మెరుస్తోంది. కటింగు ప్లయరుతో కత్తిరించి, గుర్తు తెలియకుండా మూత మళ్ళీ అతికించారు. చాలా నాజూకైన పని.

మీ అక్కని పిలిచి చూపించాను. గిన్నెలు తోముతోంది. తోముతూనే ఉంది. ఎవరు చేశారన్నాను.

‘నేనే.’

‘ఏమిటిది? దీని పేరేమిటి?’

‘ఆ డబ్బా.’

‘డబ్బా పేరేమిటే?’

చేతులు కడుక్కుని నా వైపు తిరిగింది. ‘పేరెందుకండీ? మీరు రోడ్డు మీద చచ్చిపోకూడదని చేశాను. ఇంకొకళ్ళని చంపకూడదని చేశాను. నేనే చేశాను.’

ఆమె మిక్సీ ప్లగ్గు కూడా నన్ను పెట్టమంటుంది. రిలే మూత తెరిచి తీగ కత్తిరించిందట. సరే, ఆమె అబద్ధం ఆమెది. నేను నిన్ను అడుగుతున్నాను. ఇన్నేళ్ళుగా సెల్ఫ్ కొట్టని బళ్ళు చూస్తున్నవాడివి. చప్పుడు లేదనగానే ముందు సన్న వైరు చూడమని చెప్పకుండా, మోటారు నాలుగుసార్లు ఎందుకు దింపించావు?

నాకు ఒకే ఒక్క వాక్యం కావాలి. ‘రిలే తీగ కోసింది నేను’ అని నీ చేత్తో రాసి, సంతకం పెట్టి పంపు. దాన్ని స్టాండులో బోర్డు మీద అంటిస్తాను. మీ ఊరి బళ్ళు రోజూ ఇక్కడికొస్తాయి, వాళ్ళంతా నీ షాపుకొచ్చేవాళ్ళేగా, చదువుకుంటారు. ఆ కాగితం వస్తే మీ అక్క ఈ ఇంట్లో ఉంటుంది, జన్మలో ఈ మాట ఎత్తను. రాకపోతే ఆమె చెప్పిందే నిజమని ఒప్పుకుని, పద్దెనిమిదో తారీకు శనివారం ఆమెని బస్సెక్కిస్తాను. ఈ ఉత్తరం ఆమెకి చదివి వినిపించే పోస్టు చేస్తున్నాను.

బావ

—

షాపు
అక్టోబరు 10
[రోజుపుస్తకంలోంచి చింపిన కాగితం. పోస్టులో వేయలేదు.]

బావగారికి,

రిలే తీగ కోసింది నేను.

మే నెలలో మీరు ఆసుపత్రిలో ఉండగా అక్క నన్ను బండి దగ్గరికి తీసుకువెళ్ళి, దీన్ని కదలకుండా చెయ్యరా తమ్ముడూ, ఒక్క నెల చాలు, ఈలోగా నేను ఆయనకి నచ్చజెప్పుకుంటాను అంది. రెండు నిమిషాల పని. అక్క పక్కన నిలబడి కవరు పట్టుకుంది, అంతే.

జులైలో మీరు పోస్టు చేసిన ఉత్తరంలో అక్క ఇంక ఆపెయ్యమని రాసింది. ‘మీ బావగారు కారు కింద పడుకుని చేతులు కోసుకుంటున్నారు, చూడలేకపోతున్నాను, నిజం చెప్పేద్దాం, కొడితే కొడతారు’ అని రాసింది. నేను తొందరపడొద్దన్నాను. రాగి బిళ్ళలు, బుష్షులు, ఎండ, ఇవేవీ అక్క అడగలేదు. అవి నావి. మీ పార్శిల్ పద్దెనిమిది రోజులూ విప్పకుండా బల్ల కింద ఉంది. పాత బుష్షులే ఉన్నాయి. ఆగస్టులో మీరు మనసు విప్పి రాసిన ఉత్తరం మూడుసార్లు చదివాను. నెల రోజులు జవాబు రాయకుండా కూచున్నాను. రాసినప్పుడు ఎండలో పెట్టమన్నాను. మీరు కష్టపడితే చూడాలని కాదు. మీరు దించుతున్నారు, ఎక్కిస్తున్నారు, నేను ఇక్కడ లెక్కపెడుతున్నాను. అది ఆపడం నా వల్ల కాలేదు.

అమ్మ పోయాక నన్ను పెంచింది అక్క. మీ దగ్గర క్లీనరు పని మానేసి వస్తే, ఈ షాపుకు అద్దె గది వెతికింది అక్క.

ఈ కాగితం బోర్డు మీద పెడితే వైరు కోసే మెకానిక్కు దగ్గరికి ఎవరూ బండి తేరు. తేకూడదు కూడా. నేనైనా తేను. చదువు లేనివాడికి చేతి మీద నమ్మకం తప్ప ఇంకేం ఉంది. రేపు ఉదయం పోస్టు చేయాలి.

—

షాపు
అక్టోబరు 11

బావగారికి నమస్కారం.

ఉత్తరం అందింది. నంబరు పోయినందుకు విచారిస్తున్నాను.

రిలేలు చెమ్మకు వాటంతటవే పాడవుతాయి. తీగ తెగినచోట మెరవడం కూడా అప్పుడప్పుడు ఉంటుంది. ఇంత దూరం నుంచి, కళ్ళతో చూడకుండా ఏమీ చెప్పలేను. కొత్త రిలే ఒకటి ఈ కవరులో పెట్టాను. నాలుగు కాళ్ళూ గరుకు కాగితంతో ఒకసారి తుడిచి గుచ్చండి. ఎటు తిప్పి గుచ్చాలో దాని అడుగున గుర్తు ఉంటుంది.

మీ ఇంటి విషయాలు మీరిద్దరూ మాట్లాడుకుని సర్దుకోవలసినవి. అక్కను అడిగానని చెప్పండి.

బావమరిది

—

ఇంటి దగ్గర
అక్టోబరు 19

బావమరిదికి,

నీ కవరు పదహారున వచ్చింది. విప్పకుండా మీ అక్కకే ఇచ్చాను. ఆమే విప్పి చదివింది. ఒకసారి లోపల చదివింది, ఒకసారి పైకి చదివింది. ‘అక్కను అడిగానని చెప్పండి’ అన్నచోట ఆగి, కాగితం మడిచి, రిలే నా చేతిలో పెట్టింది. ‘వాడు రాయడని నాకు తెలుసండీ. అయినా మూడు రోజుల నుంచి పోస్టుమాను కోసం గేటు దగ్గర నిలబడ్డాను’ అంది. ఆ తర్వాత మే నెల సంగతీ, జులైలో నీకు రాసిన ఉత్తరం సంగతీ చెప్పింది. నీ మీద కోపంతో చెప్పలేదు. లెక్క ఒప్పజెప్పినట్టు చెప్పింది. నేను పోస్టు డబ్బాలో వేసినప్పుడు డబ్బా చప్పుడు కూడా విన్నానంది.

కాబట్టి ఆమె తప్పు ఎంతో, నీది ఎంతో నాకు పూర్తిగా తెలుసు. శనివారం అని మాటన్నాను. సొంత తమ్ముడే ఒక్క వాక్యం రాసివ్వని మనిషి కోసం నేను మాట ఎందుకు పోగొట్టుకోవాలి అనుకున్నాను. ఆమె ఉంటానని అడగలేదు. అడిగితే ఏం చేసేవాణ్ణో నాకూ తెలియదు, నువ్వూ తెలుసుకోవద్దు. శుక్రవారమంతా నా మాత్రలు పొద్దునవీ సాయంత్రానివీ వేరు చేసి, రెండు నెలలకి సరిపడా చిన్న చిన్న పొట్లాలు కట్టి అలమరలో పెట్టింది.

నిన్న పొద్దున నీ రిలే గుచ్చాను. ఒక్క తాళానికి పట్టింది. మంచి సరుకు. మీ అక్కని, ఆమె పెట్టెని ఎక్కించుకుని బస్టాండుకి నేనే నడిపాను. స్టాండు ముందు నుంచే పోనిచ్చాను, అందరూ చూశారు. దారిలో ఆమె ఒక చెయ్యి హ్యాండు బ్రేకు మీద వేసి కూచుంది. నేను పడిపోతే లాగడానికి. తీసెయ్యమన్నాను. తియ్యలేదు.

ఎక్కింది మీ ఊరి బస్సే. టిక్కెట్టు మీ ఊరి దాకా తీశాను. కానీ నీ దగ్గరికి రానంది. మధ్యలో ఎక్కడో దిగుతానంది. ఎక్కడని నేను అడగలేదు. నువ్వు వెతుక్కుంటానంటే, ఇక్కడి నుంచి మీ ఊరికి పద్నాలుగు స్టాపులు.

బావ